బూమ్ పోల్ ఎంపిక: బరువంతా కొసలోనే ఉంది

"అన్నా, ఎన్నడుగుల బూమ్ పోల్ తీసుకోమంటావ్?" షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు, యూట్యూబ్ ఇంటర్వ్యూలు చేసేవాళ్లు సౌండ్ పనిలో ఉన్నవాళ్లని మొట్టమొదట అడిగేది ఇదే. బూమ్ పోల్ అంటే కొసన మైకు తగిలించి నటుడి తల మీదికి చాపే, సాగే గొట్టం. అడిగే సమయానికే ఆన్‌లైన్ కార్ట్‌లో పన్నెండడుగులదో పదిహేనడుగులదో ఒకటి పడి ఉంటుంది. పొడవుది కొంటే అన్నిటికీ పనికొస్తుంది, అక్కర్లేనప్పుడు ముడుచుకోవచ్చు కదా అన్నది వాళ్ల ధీమా. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ పోల్‌ని తలపైకెత్తి నాలుగు నిమిషాల సీను పట్టాల్సి వచ్చినప్పుడు గానీ తేడా తెలియదు.

నన్నడిగితే పోల్ కొనేముందు చూసుకోవాల్సిన కొలతలు మూడు. మీ ఫ్రేమ్ ఎంత వెడల్పు, పోల్ కొసన ఎంత బరువు వేలాడుతుంది, పట్టుకున్నప్పుడు మీ రెండు చేతుల మధ్య ఎంత దూరం ఉంటుంది. పెట్టె మీద అచ్చేసి ఉండే పొడవూ బరువూ ఆ తర్వాతే.

అసలు పోల్ ఎందుకు?

నోటికి అర మీటరు దూరంలో ఉన్న మైకును మీటరు దూరానికి జరిపితే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెళ్లు పడిపోతుంది. రెండు మీటర్లకు జరిపితే ఇంకో 6. గోడల మీద నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, వంటింట్లో ఫ్రిజ్ మోత, కింద వీధిలో కూరగాయల బండి మీద అరిచే రికార్డెడ్ గొంతు మాత్రం ఇంచుమించు అలాగే ఉంటాయి. రికార్డర్‌లో గెయిన్ పెంచితే గొంతుతోపాటు అవీ పెరుగుతాయి. కెమెరా నెత్తిన బిగించిన షాట్‌గన్ మైకు (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైకు) ఎంత ఖరీదైనదైనా గదిలో డొల్లగా వినిపించడానికి కారణం ఇదే. మైకు మంచిదే, ఉన్న చోటే మంచిది కాదు.

1929లో పారమౌంట్ స్టూడియోలో దర్శకురాలు డొరతీ ఆర్జ్‌నర్, నటి క్లారా బో సెట్లో ఇబ్బంది లేకుండా తిరగడానికని మైకును చేపలు పట్టే గాలపు కర్రకు కట్టించిందని చెబుతారు. గొట్టాలు, మైకులు ఎన్ని మారినా పోల్ చేసే పని ఇప్పటికీ అదే: మైకును ఫ్రేమ్ అంచుకు వెంట్రుకవాసి పైన, నోటికి వీలైనంత దగ్గరగా, మనిషితోపాటు కదిలేలా ఉంచడం.

మన దగ్గర దశాబ్దాలపాటు లొకేషన్‌లో పట్టిన సౌండ్ ఎక్కువగా పైలట్ ట్రాక్‌కే పరిమితం. తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో పెదాలు చూసుకుంటూ డైలాగు చెప్పడానికి అదొక ఆధారం, అంతే. అందుకే బూమ్ రెండడుగులు వెనక ఉన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. సింక్ సౌండ్‌లో, అంటే లొకేషన్‌లో పట్టిన డైలాగునే వాడుకునేలా తీసే చిన్న సినిమాలు, వెబ్ సిరీస్‌లు, ఇంటర్వ్యూలు పెరిగాక ఆ రెండడుగులకు విలువ వచ్చింది.

ఎంత దూరం అందాలి

పొడవు సంగతి లెన్స్‌ని అడగాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. నటుడికి 3 మీటర్ల దూరంలో కెమెరా పెట్టి 50 మిల్లీమీటర్ల లెన్స్ వేశారనుకోండి. నటుడున్న చోట ఫ్రేమ్ వెడల్పు సుమారు 2.16 మీటర్లు వస్తుంది. మధ్యలో నిలబడ్డ నటుడి నుంచి ఫ్రేమ్ అంచుకు మీటరు పైచిలుకు. బూమ్ పట్టేవాడు ఆ అంచు బయట నిలబడి, ముందు చేతి నుంచి మీటరుంపావు చాపితే మైకు తల మీదికి వచ్చేస్తుంది. రెండు చేతుల మధ్య ఉండే ముప్పాతిక మీటరు కలుపుకున్నా రెండు మీటర్ల పోల్‌తో పని జరిగిపోతుంది.

కెమెరా కదపకుండా 24 లెన్స్ వేయండి. ఫ్రేమ్ వెడల్పు 4.5 మీటర్లకు పోతుంది. ఇప్పుడు అంచు 2.25 మీటర్ల అవతల ఉంది. చేతుల మధ్య భాగం కలిపితే పోల్ 3 మీటర్లు దాటాలి. చూశారా, పొడవుది కొనమన్నానా అంటారు చాలామంది ఇక్కడ.

కానీ ఫ్రేమ్‌కి వెడల్పుతోపాటు ఎత్తు కూడా ఉంటుంది. 16:9 ఫ్రేమ్‌లో 24 లెన్స్‌తో అదే దూరంలో ఎత్తు రెండున్నర మీటర్లు. కెమెరాను నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున, వంచకుండా పెడితే ఫ్రేమ్ పై అంచు 2.65 మీటర్ల దగ్గర ఉంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి నోరు నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, మైకు ఎంత కిందికి దించినా నోటికి మీటరున్నర దూరంలోనే ఆగిపోవాలి. 50 లెన్స్‌తో అయితే పై అంచు 2 మీటర్ల దగ్గర ఉంటుంది, మైకు 90 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. ఈ రెండిటి మధ్య తేడా దాదాపు 5 డెసిబెళ్లు. ఆ వైడ్ షాట్‌లో 5 మీటర్ల పోల్ పట్టినా ఈ తేడా పూడదు. పొడవు మిమ్మల్ని నటుడి నెత్తి మీదికి తీసుకెళ్తుంది గానీ కిందికి దించలేదు.

అంటే పొడవాటి పోల్ తప్పనిసరి అనిపించే షాట్లలోనే బూమ్ సౌండ్ బలహీనంగా ఉంటుంది. వైడ్‌కి కాలర్ మైకు పెట్టుకుని, మిడ్, క్లోజ్ షాట్లు బూమ్‌తో పట్టుకోవడమే పని జరిగే పద్ధతి. అలాగని 3 మీటర్లు దాటిన పోల్‌కి పనే లేదనడం లేదు. లైటు దారిలో నిలబడితే నీడ పడుతుందని వెనక్కి జరగాల్సి వచ్చినప్పుడు, మధ్యలో డాలీ ట్రాక్ (కెమెరా బండి నడిచే పట్టాలు) ఉన్నప్పుడు, భోజనాల బల్ల చుట్టూ ఆరుగురు మాట్లాడుతున్నప్పుడు ఆ అదనపు రెండడుగులే ఆదుకుంటాయి. రోజూ డ్రామా షూట్ చేసే బూమ్ మ్యాన్‌కి పొడవు పోల్ ఒకటి ఉండి తీరాలి. మొదటి పోల్ అదే కానక్కర్లేదు.

ఎందుకంటే మన షూటింగుల్లో చాలా జరిగేవి అపార్ట్‌మెంట్లలో. పది బై పన్నెండు బెడ్‌రూమ్, పదడుగుల స్లాబు, మధ్యలో ఫ్యాను. ఫ్యాను ఆపేస్తారు, నిజమే, రెక్కలు మాత్రం అక్కడే ఉంటాయి, సరిగ్గా పోల్ తిరగాల్సిన ఎత్తులో. ఒక నటుడి మీద నుంచి ఇంకో నటుడి మీదికి మైకు తిప్పితే ముందు కొస ఇటు వెళ్తుంది, వెనక కొస అటు వెళ్లి బీరువాకు టక్కున తగులుతుంది. టేక్ పోయినట్టే. ఇలాంటి గదుల్లో పోల్ గరిష్ఠంగా ఎంత సాగుతుందన్న దానికంటే పూర్తిగా ముడిస్తే ఎంత చిన్నదవుతుందన్నదే ముఖ్యం. ముడిచినప్పుడు 80 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉండే పోల్ బైకు వెనక కూర్చుని పట్టుకెళ్లడానికీ వీలుగా ఉంటుంది. పొడవాటి పోల్ ముడిచినా మీటరు దాటే ఉండొచ్చు. ఆ అంకె కంపెనీ వివరాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చూడండి.

కిలో బరువు మూడు కిలోలెలా అవుతుంది

ఇక అసలు విషయం. 3 మీటర్ల పోల్‌ని నేలకు సమాంతరంగా తల మీద పట్టుకున్నారనుకోండి. వెనక చెయ్యి పోల్ మొదట్లో, ముందు చెయ్యి దానికి 80 సెంటీమీటర్ల ముందు. పోల్ కార్బన్‌ది, అర కిలో. కొసన మైకు, దానికి కుదుపులు తగలకుండా ఆపే షాక్ మౌంట్, గాలి చప్పుడు ఆపే బ్లింప్ అనే తొడుగు, దాని మీద ఫర్ (బొచ్చు తొడుగు) కలిపి ఇంకో అర కిలో. మొత్తం కిలో, పాల ప్యాకెట్లు రెండు. ఇదేం బరువు అనిపిస్తుంది.

పోల్ సొంత బరువు మొదలు నుంచి 1.3 మీటర్ల దగ్గర కేంద్రీకృతమై ఉందనుకుని స్కూల్లో చదివిన తులాదండం లెక్క వేయండి. కొస బరువు అర కిలో ఇంటూ 3 మీటర్లు, ఒకటిన్నర. పోల్ బరువు అర కిలో ఇంటూ 1.3, అది 0.65. మొత్తం 2.15ని చేతుల మధ్య దూరం 0.8తో భాగిస్తే ముందు చేతి మీద పడేది 2.7 కిలోలు. వెనక చెయ్యి కూడా ఖాళీగా ఉండదు. పోల్ ముందుకు ఒరిగిపోకుండా 1.7 కిలోల బలంతో కిందికి నొక్కి పట్టాలి. ఏతానికి వెనక కట్టే బండరాయి చేసే పని ఇక్కడ మీ వెనక చెయ్యి చేస్తోంది, టేక్ అయ్యేదాకా.

ఇప్పుడు కార్బన్ బదులు 900 గ్రాముల అల్యూమినియం పోల్ పెట్టి చూడండి. ముందు చేతి మీద భారం 3.3 కిలోలు అవుతుంది. అరకిలోకి పైగా తేడా, కాదనలేం. కార్బన్ పోల్‌కి జనం అంత డబ్బు పోసేది ఇందుకే. అయితే అదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. పోల్‌లో 400 గ్రాములు తగ్గిస్తే ఎంత ఊరట వచ్చిందో, కొసన 175 గ్రాములు తగ్గించినా అంతే వస్తుంది. ఆ 175 గ్రాములు తగ్గించడానికి చాలాసార్లు పైసా ఖర్చుండదు. గదిలో షూట్ చేస్తున్నప్పుడు బ్లింప్, ఫర్ విప్పేసి ఫోమ్ తొడిగితే చాలు. అలవాటుగా ఇంట్లో కూడా బొచ్చు తొడుక్కుని తిరిగే బూమ్‌లు చాలా కనిపిస్తాయి.

మైకు ఎంపిక కూడా ఇక్కడికే వచ్చి చేరుతుంది. అందరికీ తెలిసిన సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 పొడవు 25 సెంటీమీటర్లు, బరువు 165 గ్రాములు. షోప్స్ సీఎంఐటీ 5యూ వంద గ్రాములు కూడా ఉండదు. గదుల్లోనైతే పొడవాటి షాట్‌గన్ కంటే ముందు గొట్టం లేని పొట్టి హైపర్‌కార్డియాయిడ్ మైకు సహజంగా వినిపిస్తుంది. షాట్‌గన్ ముందుండే గొట్టం గోడలు, స్లాబు నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని అన్ని పౌనఃపున్యాల్లో ఒకేలా కొయ్యలేదు, గొంతు రంగు మారిపోతుంది. పొట్టి మైకుకి పొట్టి ఫోమ్, చిన్న షాక్ మౌంట్ చాలు. సౌండూ బాగుంటుంది, భుజమూ బాగుంటుంది.

చేతుల సంగతి మర్చిపోవద్దు. 80 సెంటీమీటర్లున్న ఎడాన్ని మీటరుకి పెంచితే ముందు చేతి భారం 2.7 నుంచి 2.15 కిలోలకు దిగుతుంది. కార్బన్ పోల్ కొంటే వచ్చే లాభంలో చాలాభాగం ఉచితంగా వచ్చేసింది. బదులుగా అందే దూరం 20 సెంటీమీటర్లు తగ్గుతుంది, నిజమే. కొత్తవాళ్లు రెండు చేతులూ దగ్గర దగ్గరగా పెట్టి, మోచేతులు వంచి, పోల్‌ని ఛాతీ ముందు పట్టుకుంటారు. రెండో టేక్‌కే చేతులు వణుకుతాయి. చేతులు నిటారుగా పైకి చాపితే భారం ఎముకల మీదుగా భుజాల్లోకి దిగుతుంది, కండరాలకు పని తగ్గుతుంది.

వైర్‌లెస్‌తో పనిచేసేవాళ్లకి ఇంకో చిన్న వెసులుబాటు. పోల్ మొదట్లో బిగించే ప్లగ్-ఆన్ ట్రాన్స్‌మిటర్ (మైకు సౌండ్‌ని వైరు లేకుండా రికార్డర్‌కి పంపేది) బరువు వెనక చేతికి అవతల పడేలా పట్టుకుంటే, అది నొక్కే పనిలో కొంత పంచుకుంటుంది. ఆ ట్రాన్స్‌మిటర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు పనిచేయడానికి కేబుల్ ద్వారా అందే కరెంటు) ఇస్తుందో లేదో ముందే చూసుకోవాలి. అన్నీ ఇవ్వవు.

ఊగడం

పోల్ కొంచెం వంగితే నష్టం లేదు. ఊగితేనే తంటా. "నువ్వెక్కడికీ వెళ్లట్లేదు" అని తండ్రి అనగానే "నేను వెళ్తున్నా" అని కొడుకు అందుకుంటాడు. ఆ అర సెకనులో మైకు తండ్రి నుంచి కొడుక్కి మళ్లాలి, మళ్లి ఆగాలి. మెత్తటి పోల్ ఆగదు. కొస రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడుతుంది. కొడుకు మొదటి మాట మైకు పక్క నుంచి పోతుంది, లేదా ఫర్ ఫ్రేమ్‌లోకి తొంగి చూస్తుంది. రెండోది జరిగితే కెమెరామన్ అరుస్తాడు కాబట్టి అందరికీ తెలుస్తుంది. మొదటిది ఎడిటింగ్ టేబుల్ మీదే బయటపడుతుంది.

ఒకే మందం ఉన్న గొట్టాన్ని ఒక చివర పట్టుకుని రెండో చివర బరువు కడితే, ఒంగడం పొడవు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. బయటికి చాపిన భాగం 2 మీటర్ల నుంచి 3 మీటర్లకు పెరిగితే ఒంగడం ఒకటిన్నర రెట్లు కాదు, 3.4 రెట్లు అవుతుంది. నిజమైన పోల్ కొసకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి పరిస్థితి ఇంకాస్త అధ్వానమే. నాలుగు మీటర్ల చవక పోల్ కాగితం మీద నాలుగు మీటర్లే. వాడుకోగలిగింది రెండున్నర.

సెక్షన్ల (ఒకదాంట్లోకి ఒకటి జారే గొట్టాల) లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. సెక్షన్లు ఎక్కువైతే ముడిచినప్పుడు బుల్లిగా ఉంటుంది. కానీ ప్రతి సెక్షన్‌కీ ఒక జాయింటు, ప్రతి జాయింటుకీ కొంత బరువు, కొంత వదులు. పైగా ఆఖరి గొట్టం పెన్సిలంత సన్నబడిపోతుంది. వాడేటప్పుడు ఏ సెక్షన్‌నీ చివరంటా లాగకూడదు. నాలుగు వేళ్ల మందం లోపల ఉంచితే జాయింటు దగ్గర పట్టు ఉంటుంది. కాబట్టి 3 మీటర్లు కావాలంటే కాగితం మీద 3.3 ఉన్నది చూడాలి. పోల్ పూర్తిగా సాగదీయనక్కర్లేనప్పుడు మందపాటి సెక్షన్లు ముందు తెరిస్తే బిగువుగా ఉంటుంది, కానీ లోపలి సన్న గొట్టాల బరువు కూడా ముందుకు పోతుంది. సన్నవి ముందు తెరిస్తే కొస తేలిక, ఊపు ఎక్కువ. బరువైన బ్లింప్‌కి మొదటిది, చిన్న ఫోమ్ మైకుకి రెండోది నయం.

కార్బన్, అల్యూమినియం

ఒకే బరువుకి కార్బన్ ఫైబర్ ఎక్కువ బిగువునిస్తుంది, కంపనాన్ని త్వరగా చంపుతుంది. అల్యూమినియం గొట్టాన్ని గోటితో తడితే సన్నగా మోగుతుంది, ఆ మోత షాక్ మౌంట్ దాకా వెళ్తుంది. కాలిఫోర్నియా కే-టెక్, జర్మనీ యాంబియెంట్, బ్రిటన్ పానమిక్, ఫ్రాన్స్ వీడీబీ లాంటి కంపెనీల పోల్స్ వృత్తిలో ఉన్నవాళ్ల చేతుల్లో కనిపిస్తాయి. ఆస్ట్రేలియా కంపెనీ రోడ్ అల్యూమినియంలోనూ, కార్బన్‌లోనూ అమ్ముతుంది. వీటి కంటే చాలా చవకలో "కార్బన్" అని రాసినవి బోలెడు దొరుకుతాయి. కార్బన్ అన్న మాట ఒక్కటే బిగువుకి హామీ కాదు. గొట్టం గోడ పల్చగా ఉంటే కార్బన్ కూడా గాలపు కర్రలా ఆడుతుంది. పల్చటి చవక కార్బన్ కంటే మందపాటి అల్యూమినియం నయమని నా అభిప్రాయం. దానికి భుజం బలం కావాలి, అంతే.

పాడయ్యే తీరు కూడా వేరు. అల్యూమినియం పోల్ కింద పడితే సొట్టపోతుంది, ఆ సొట్ట దగ్గర లోపలి సెక్షన్ ఇరుక్కుని మళ్లీ ముడుచుకోదు. కార్బన్‌కి సొట్ట పడదు, చీలుతుంది. స్టాండ్ క్లాంపులో గొట్టాన్ని బలంగా బిగించినా చీలొచ్చు. చీలిన చోట చెయ్యి రాస్తే సూదుల్లాంటి నూగు దిగబడుతుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది కాబట్టి అల్యూమినియంలా ప్రమాదం కాదనుకోవడం పొరపాటు. మన డాబాల మీద షూటింగ్ అంటే చేతికందే ఎత్తులో తీగలు, పిట్టగోడ పక్కనుంచి పోయే 11 కేవీ లైను. హైటెన్షన్ తీగను పోల్ తాకనక్కర్లేదు, దగ్గరికి వెళ్తేనే చాలు. పోల్ తెరిచేముందు తలెత్తి చూడాలి. తీగ దగ్గరగా ఉంటే ఆ యాంగిల్ వద్దని చెప్పాల్సింది డైరెక్టర్‌కే.

రంగులేసేవాళ్ల రోలర్ కర్ర వాడొచ్చా అని కొందరు అడుగుతారు. కదలకుండా స్టాండ్ మీద పెట్టేదైతే వాడుకోండి, తప్పు లేదు. చేత్తో తిప్పితే దాని జాయింట్లు కటకటమంటాయి. ఆ మాటకొస్తే మంచి ఎండు వెదురు కర్రే మేలు, దానికి జాయింట్లు లేవు.

చప్పుడు ఎటునుంచి వస్తుంది

పట్టు మారినప్పుడు, వేళ్లు జారినప్పుడు పుట్టే చప్పుడు గొట్టం వెంబడి కొసకు ప్రయాణిస్తుంది. దాన్ని ఆపాల్సింది షాక్ మౌంట్. అరిగి సాగిపోయిన రబ్బరు బ్యాండ్లున్న మౌంట్‌ని అరలక్ష పోల్ కొసన పెట్టినా ఒకటే, చీపురుకర్ర కొసన పెట్టినా ఒకటే. రైకోట్ లైర్ తరహా ప్లాస్టిక్ సస్పెన్షన్‌కి రబ్బరులా సాగిపోయే గొడవ లేదు. ఈ డబ్బు పోల్ డబ్బు కంటే ముందు పెట్టాలి.

షాక్ మౌంట్ బాగున్నా చప్పుడు వస్తోందంటే కేబుల్ చూడండి. మైకు వెనక ఎక్స్ఎల్ఆర్ ప్లగ్గు నుంచి పోల్ కొసకు వచ్చే ఆ జానెడు వైరు మందంగా, బిర్రుగా ఉంటే మౌంట్‌ని దాటుకుని కంపనం నేరుగా మైకుకి వెళ్లిపోతుంది. అక్కడ సన్నటి, మెత్తటి వైరు, వదులుగా ఒక చుట్టు ఉండాలి. ఆ చుట్టు గొట్టాన్ని తాకకూడదు.

పోల్ లోపలి నుంచే కేబుల్ వచ్చే మోడళ్లు, ఖాళీ గొట్టం మోడళ్లు అని రెండు రకాలు. లోపలి కేబుల్ స్ప్రింగులా చుట్టి ఉంటే పోల్ సాగినప్పుడు అదీ సాగుతుంది, ముడిస్తే అదీ ముడుచుకుంటుంది. రోజుకి పది చోట్ల తిరిగే డాక్యుమెంటరీ, న్యూస్ పనికి ఇది ప్రాణం. బదులుగా కొంత బరువు, విసురుగా తిప్పినప్పుడు స్ప్రింగు గొట్టానికి తగిలే అవకాశం. ఇంకో తరహాలో తిన్నని కేబుల్ గొట్టంలోంచి వెళ్లి అడుగు నుంచి బయటికి వస్తుంది. చప్పుడు తక్కువ, కానీ పోల్ ముడిచిన ప్రతిసారీ మిగులు వైరు చేతిలో పట్టుకోవాలి. ఖాళీ గొట్టం మీద కేబుల్ మెలేసి చుట్టుకోవడం అన్నిటికంటే చవక. చుట్లు బిగువుగా ఉంటే బాగానే పనిచేస్తుంది, వదులైతే ప్రతి కదలికకూ టపటపమంటుంది. చవక పోల్‌లో కేబుల్ లేని మోడలే తీసుకోమంటాను. అలాంటి వాటిలో ముందు పోయేది కేబులే, మార్చడం అంత తేలిక కాదు.

కొసన ఉండే మర 3/8 అంగుళాలది. షాక్ మౌంట్లు ఎక్కువగా దానికి సరిపోతాయి. మైక్ స్టాండ్ క్లిప్పుల్లో 5/8 మర కూడా ఉంటుంది, దానికి మధ్యలో అడాప్టర్ కావాలి. ఆ ఇత్తడి అడాప్టర్ వదులుగా ఉంటే అదీ గిలకలా మోగుతుంది. చేతికి ఉంగరాలు, కడియం, వాచీ ఉంటే తీసేయండి. గొట్టానికి రాయి ఉంగరం తగిలిన చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వింటే ఎందుకో తెలుస్తుంది.

ఎవరికి ఏది

ఒక మనిషి కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూలే మీ పనైతే పోల్‌ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు. గట్టి స్టాండు, దానికి బూమ్ హోల్డర్, కాళ్ల మీద ఇసుక బస్తా, ఆపైన మామూలు అల్యూమినియం పోల్. బరువు స్టాండే మోస్తుంది కాబట్టి కార్బన్‌కి పెట్టే డబ్బు వృథా. ఆ డబ్బు మైకులో పెట్టండి. ఇసుక బస్తా మాత్రం ఎగ్గొట్టకండి, పోల్ కింద కూర్చున్నది మనిషి.

ఒక్కరే మిక్సర్ బ్యాగు మెడలో వేసుకుని, పోల్ కూడా పట్టుకుని తిరిగే పనికి 2 మీటర్ల చుట్టూ సాగే, లోపల కేబులున్న తేలికపాటి పోల్ కావాలి. చాలాసార్లు దాన్ని ఒంటి చేత్తో పట్టాల్సి వస్తుంది. ఇక్కడ కార్బన్‌కి పెట్టిన ప్రతి రూపాయీ తిరిగొస్తుంది.

షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు చేసేవాళ్ల మొదటి పోల్‌గా 2.5 నుంచి 3 మీటర్ల మధ్య కార్బన్ పోల్ చూడమంటాను. ఏడాదికి రెండు షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు అసలు కొనడం ఎందుకు? అద్దెకు తెచ్చుకోండి. అద్దెకు తెచ్చినప్పుడే ఒక రోజు మంచి పోల్, ఒక రోజు చవక పోల్ పట్టి చూస్తే ఈ వ్యాసం కంటే భుజం ఎక్కువ చెబుతుంది.

ఇంటికొచ్చాక పరీక్ష

ఇలాంటివి చేతిలో పట్టి చూసి కొనే దుకాణాలు తక్కువ. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వెనక్కి ఇచ్చే గడువు లోపలే చూసేయాలి. మీరు నిజంగా వాడే మైకు, మౌంటు, బ్లింప్ తగిలించండి. ఖాళీ పోల్ ఏదైనా తేలికగానే ఉంటుంది. వాడే పొడవుకు తెరిచి, అన్ని జాయింట్లూ మామూలు బలంతో బిగించి, తల మీదికెత్తి నాలుగు నిమిషాలు ఫోన్‌లో టైమర్ పెట్టండి. ఆ తర్వాత రికార్డర్‌లో లో-కట్ (లోతైన మోతల్ని కోసేసే ఫిల్టర్) ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మైకును ఒక గోడ నుంచి ఎదుటి గోడకు వేగంగా తిప్పి ఆపండి. కొస ఎన్నిసార్లు ఊగిందో కళ్లతో చూడండి, జాయింట్లు కిర్రుమన్నాయేమో చెవులతో వినండి. పోల్‌ని దాని అక్షం మీద మెలితిప్పండి. మైకు కూడా అంతే తిరగాలి. లోపల ఏదో సెక్షన్ జారి మైకు వెనకబడితే ఆ పోల్ వెనక్కి పంపేయొచ్చు. చివరగా నిట్టనిలువుగా నిలబెట్టి పై నుంచి మెల్లగా నొక్కండి. లాక్ వేసిన సెక్షన్ లోపలికి జారకూడదు.

సెకండ్ హ్యాండ్ పోల్ అయితే జాయింట్ల లోపలుండే కాలెట్ రింగులు చూడండి. మెలితిప్పి బిగించే పోల్‌లో గొట్టాన్ని పట్టి ఉంచేవి అవే. అరిగితే ఎంత బిగించినా పట్టవు. పేరున్న కంపెనీలకు విడి భాగాలు దొరుకుతాయి, పేరు లేని వాటికి దొరకవు. చవక పోల్‌కీ ఖరీదు పోల్‌కీ అయిదేళ్ల తర్వాత కనిపించే పెద్ద తేడా ఇదే. రింగుల పాడుకి ఎక్కువగా కారణం దుమ్మూ ఇసుకా. విశాఖ బీచ్‌లోనో ఎర్రమట్టి చేలలోనో షూట్ చేసి వచ్చాక పోల్‌ని అలాగే ముడిచేయకుండా, ఒక్కో సెక్షన్ తెరిచి పొడిగుడ్డతో తుడిచి అప్పుడు ముడవాలి. జాయింటు బిగుసుకుందని నూనె గానీ గ్రీజు గానీ వేయొద్దు. ఆ జిడ్డుకి దుమ్ము ఇంకా పట్టుకుంటుంది, పైగా లాక్ జారిపోయి సీను మధ్యలో కొస సెక్షన్ మైకుతో సహా నటుడి నెత్తి మీదికి దిగుతుంది.